అమ్మాయి జాజ్ కచేరీలు పెట్టిస్తానంటోంది, ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి స్కాలర్‌షిప్ మీద హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో మేనేజ్‌మెంట్ పీజీ రెండో ఏడాది చదువుతోంది. సాయంత్రాలు ఒక జాజ్ క్లబ్‌లో వాలంటీరుగా వెళ్తోంది. ఇప్పుడేమో రోమా మహిళా కళాకారులకు కచేరీలు ఇప్పించడమే వృత్తిగా పెట్టుకుంటుందట, క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లదట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇది ఉద్యోగమా, సేవా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే మీ అమ్మాయి దాన్ని సేవ అనుకున్నంత కాలం ఉద్యోగం కాదు.

ముందు ఆ రంగం గురించి కొంచెం చెప్తాను. రోమాలను మనవాళ్లు జిప్సీలంటారు. ఆ మాటను వాళ్లలో చాలామంది తిట్టుగానే తీసుకుంటారు, కాబట్టి ఫోన్‌లో మీరూ వాడకండి. యూరప్‌లో వాళ్లు కోటి నుంచి కోటీ ఇరవై లక్షల దాకా ఉంటారని అంచనా. వాళ్ల పూర్వీకులు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లు. ఇప్పటికీ వాళ్ల భాషలో నీళ్లు ‘పాని’, ముక్కు ‘నక్’, అంకెలు ‘ఏక్, దుయ్, త్రిన్’. ఈ చుట్టరికం విని మనం మురిసిపోవచ్చు గానీ, అక్కడ పని చేయబోయే మనిషి ‘మనమంతా ఒకటే’ అంటూ మొదలుపెడితే అవతలివాళ్లకు ఒళ్లు మండుతుంది.

యూరప్ జాజ్‌లో రోమాల చెయ్యి చాలా పెద్దది. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ 1928లో తన బండి ఇల్లు తగలబడి ఎడమచేతి రెండు వేళ్లు సరిగా పనిచేయకుండా పోయినా, మిగిలిన వేళ్లతోనే కొత్త బాణీ కట్టుకుని 1934లో పారిస్‌లో తన బృందంతో వేదికెక్కాడు. హంగేరీలో బాస్ అనే పెద్ద తీగ వాద్యం వాయించిన అలదార్ పెగె, పియానో మీద బేలా సాక్చి లకతోష్, గిటార్ ఫెరెంస్ స్నేట్‌బెర్గర్. ఇవన్నీ మగవాళ్ల పేర్లే, గమనించారా?

హంగేరీ హోటళ్లలో వాయించే రోమా బృందాలది తరతరాలుగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వృత్తి. వయొలిన్ పట్టి ముందు నిలబడే నాయకుణ్ణి ‘ప్రిమాష్’ అంటారు. కొడుకు పదేళ్లకే నాన్న వెనకాల నిలబడి వాయిస్తాడు, కూతురు ఇంట్లో పాడుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, ప్రిమాష్‌లలో మొదట పేరు మోసిన వాళ్లలో ఒకరు ఆడమనిషి, పద్దెనిమిదో శతాబ్దపు పన్నా సింకా. ఆమె తర్వాత ఆ దారి మళ్లీ మూసుకుపోయింది. మనకూ ఇది కొత్త కాదు. నాదస్వరం మగవాళ్ల వాద్యమే అనుకునే చోట ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కాలీషాబీ భర్తతో కలిసి వాయించి, 2020లో ఆయనతో పాటే పద్మశ్రీకి ఎంపికయ్యారు. అలాంటివాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టుకోండి.

దీనికి తోడు బడి. చెక్ దేశంలో రోమా పిల్లల్ని మందబుద్ధి పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేయడం వివక్షేనని 2007లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. అలాంటి బడిలో చదివిన పిల్ల సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష దాకా ఎలా వెళ్తుంది? స్నేట్‌బెర్గర్ 2011లో బాలతోన్ సరస్సు దగ్గర ఫెల్షో ఓర్ష్‌లో ఇలాంటి పిల్లల కోసమే సంగీత కేంద్రం పెట్టింది అందుకే. అక్కడి నుంచి బయటికొచ్చే అమ్మాయికి కచేరీలు ఎవరు ఇప్పిస్తారన్నదే మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్న. మంచి ప్రశ్నే.

తను నాకు విడిగా మెయిల్ చేసి, క్లబ్‌కు తనే తయారుచేసిన పోస్టర్ పంపింది. ఎర్ర గాగ్రా, గులాబీలు, మంట, పైన పెద్ద అక్షరాల్లో ‘రోమా రాత్రి’. పాడే ఆవిడ పేరు అడుగున, టికెట్ ధర పక్కన, చీమ తలంత అక్షరాల్లో. నేను తిరిగి రాసిందొక్కటే: ‘ఆవిడ జాజ్ గాయని. పేరు పైకి తీసుకురా, గులాబీలు తీసెయ్. ఏప్రిల్ 8 రోమా దినోత్సవానికి మాత్రమే కాదు, మామూలు శుక్రవారం రాత్రికి ఆవిణ్ణి పిలవమని క్లబ్‌వాళ్లను ఒప్పించు.’ రెండు రోజుల్లో పోస్టర్ మారి వచ్చింది. ఆ శుక్రవారం మాత్రం ఇంకా రాలేదట.

ఇక జీతం సంగతి. క్లబ్బులు, ఉత్సవాలు, బుకింగ్ ఏజెన్సీలు, ప్రాజెక్టు నడిపే సంస్థలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చేది తక్కువే, అది దాచను. నిలదొక్కుకునేది ఎక్కువగా నిధుల దరఖాస్తు రాయడం వచ్చినవాళ్లు. యూరోపియన్ యూనియన్‌కు ‘క్రియేటివ్ యూరప్’ అని పథకం ఉంది. చిన్న ప్రాజెక్టుకు కనీసం మూడు దేశాల నుంచి మూడు సంస్థలు కలవాలి, రెండు లక్షల యూరోల దాకా ఇస్తారు, అదీ ఖర్చులో ఎనభై శాతం మించకుండా. మిగతా ఇరవై ఎక్కడి నుంచి తేవాలో తెలిసిన మనిషికి పని దొరుకుతుంది. ఉత్సవాల్లో ఆడా మగా సమానంగా ఉండాలంటూ 2017లో మొదలైన ‘కీచేంజ్’ లాంటి ఉద్యమాలకు మాట ఇచ్చిన నిర్వాహకులున్నారు. వాళ్లకు పేర్లు కావాలి, ఆ పేర్లు తెచ్చిచ్చేవాళ్లు కావాలి. బ్రెమెన్‌లో ఏటా జరిగే జాజ్ సంతకు ఒకసారి వెళ్లొస్తే ఎవరు ఏం కొంటున్నారో తనకే తెలుస్తుంది.

క్యాంపస్ ఇంటర్వ్యూలు మానేయడం మాత్రం తప్పు. వెళ్లమనండి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ ఇచ్చే గడువు కొన్ని నెలలే, జీతం వచ్చే పని చేతిలో ఉంటే సాయంత్రాలు క్లబ్‌కు ఇవ్వచ్చు. ఇంకోటి, తనకు హంగేరియన్ మాటలు నమస్కారం, థాంక్స్ దాటలేదని మెయిల్‌లో తనే ఒప్పుకుంది. గాయని ఇంటికెళ్లి, రాత్రి పన్నెండింటికి కూతుర్ని క్షేమంగా ఇంటికి చేరుస్తానని వాళ్లమ్మకు నచ్చజెప్పాల్సింది ఇంగ్లీషులో కాదు.

మీరు ‘జీతమెంత’ అని అడగడం ఆపి, ఒక్క కచేరీ లెక్క పంపమనండి. ఎన్ని టికెట్లు తెగాయి, గాయనికి ఎంత ముట్టింది, ఏ తేదీన ముట్టింది, డ్రమ్మర్‌కు ఆవిడ కంటే ఎక్కువ ఇచ్చారా, సౌండ్ చెక్ వేళకు ఆవిడ పసిపిల్లను ఎవరు చూసుకున్నారు, ఆఖరి రైలు దాటిపోతే టాక్సీ ఎవరి ఖాతాలో పడింది. అది వచ్చాక నాకూ పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.