ఇంగ్లీషు నామవాచకం పక్కన ఏ ప్రిపొజిషన్?

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఉద్యోగ దరఖాస్తు చదివాను తల్లీ. చెప్పదలచిన విషయం చక్కగా చెప్పావు. తడబాటంతా ప్రిపొజిషన్ల దగ్గరే, అంటే ‘ఇన్’, ‘ఆన్’, ‘ఫర్’ లాంటి చిన్న మాటల దగ్గరే. పాత ఉద్యోగం మానడానికి కారణం చెబుతూ ‘రీజన్ టు లీవింగ్’ అన్నావు. అక్కడ ‘ఫర్’ ఉండాలి.

ఈ చిక్కు మన ‘కు’ విభక్తి తెచ్చిపెట్టింది. ఆలస్యానికి కారణం, సమస్యకు పరిష్కారం, నీళ్లకు గిరాకీ: తెలుగులో అన్నిటికీ ఆ ఒక్కటే చాలు. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘కాజ్’ అన్నా ‘రీజన్’ అన్నా మనకు కారణమే, కానీ మొదటిదాని పక్కన ‘ఆఫ్’, రెండోదాని పక్కన ‘ఫర్’ వస్తాయి. ‘సొల్యూషన్’, ‘ఆన్సర్’ మాటలకు ‘టు’. ‘డిమాండ్’, ‘నీడ్’ మాటలకు ‘ఫర్’. ‘మీద’ సంగతీ అంతే. ప్రభావం గురించి రాసేటప్పుడు ‘ఎఫెక్ట్ ఆన్’ అని మనకు కలిసొస్తుంది. ఆసక్తి దగ్గరకు వచ్చేసరికి ‘ఇంటరెస్ట్ ఇన్’. అందుకే తెలుగు విభక్తిని చూసి ప్రిపొజిషన్ ఎంచుకునే అలవాటు ముందు మానుకో.

ఇంకొకటి ఉంది, దీన్ని పిల్లలకు ఎవరూ గట్టిగా చెప్పరని నాకు బాధ. క్రియగా ఉన్నప్పుడు ప్రిపొజిషన్ అక్కర్లేని మాటే నామవాచకమైతే దాన్ని కోరుతుంది. ‘డిస్కస్’ తర్వాత విషయం నేరుగా రావాలి, ‘అబౌట్’ చేర్చకూడదు. అదే ‘డిస్కషన్’ అయితే ‘అబౌట్’ గానీ ‘ఆన్’ గానీ కావాలి. ఊరిని ‘విజిట్’ చేస్తే ఏమీ వద్దు. నామవాచకంగా వాడితే ‘విజిట్ టు’. ‘ల్యాక్’ నామవాచకమైతే ‘ఆఫ్’ తప్పదు.

ఫీజు 10 శాతం పెరిగిందనుకో. ఏది పెరిగిందో చెప్పడానికి ‘ఇంక్రీజ్ ఇన్’, ఎంత పెరిగిందో చెప్పడానికి ‘ఇంక్రీజ్ ఆఫ్’.

నోటుపుస్తకంలో ‘రీజన్’ అని రాసి పక్కన అర్థం రాసుకుంటే లాభం లేదు. ‘రీజన్ ఫర్’ అని జంటగా రాసి, కింద నీ జీవితంలోని సంగతితో ఒక వాక్యం కట్టు. అనుమానం వస్తే నిఘంటువులో అర్థం దగ్గర ఆగిపోకుండా ఉదాహరణ వాక్యాలు చదువు. ఇంగ్లీషు పత్రిక చదివేటప్పుడు నామవాచకంతో పాటు దాని వెనక వచ్చే చిన్న మాట కింద కూడా గీత గీయి.

దరఖాస్తు సరిచేసి ఈ వారంలోనే మళ్లీ పంపు. రెండో పేరాలో బోధన అనుభవం గురించి రాసిన చోట ‘ఎక్స్‌పీరియన్స్ ఆన్’ అని ఉంది, దాన్ని ‘ఇన్’ చెయ్యి.

ప్రేమతో,
తాతయ్య