రిపోర్టులో వైరస్ కనపళ్లేదంట, మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె, నేను సూరత్ లో మరమగ్గాల మీద పనిచేస్తాను. రెండేళ్ల బట్టి హెచ్ఐవి మాత్ర రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. ఇంటికొచ్చినప్పుడు బరంపురంలో టెస్టు చేస్తే వైరస్ కనపళ్లేదన్నారు. మరింకెందుకు వేసుకోవడం? రూంలో ఎనిమిది మందిమి, సీసా దాచలేక చస్తున్నాను. గ్యాస్ ట్రబుల్ కూడా ఉంది, రాత్రి అన్నం తిన్నాక గ్యాస్ సిరప్ తాగి వెంటనే ఈ మాత్ర మింగుతాను. నా భార్యకి నెగెటివ్, పిల్లలు కావాలంటోంది.
పేరు వద్దు, గజపతి జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆపొద్దు. ఆ టెస్టు రక్తంలో తిరిగే వైరస్ నే లెక్కపెడుతుంది, కొన్ని తెల్లకణాల్లో నక్కి నిద్రపోతున్నది దానికీ అందదు మాత్రకీ అందదు, నువ్వు ఆపితే చాలామందిలో లాగే కొన్ని వారాల్లోనే లేచి మళ్లీ పెరిగిపోద్ది. నువ్వు మింగేది చాలావరకు టీఎల్‌డీ అయ్యుంటుంది, సీసా మీద చూడు. ఒక్క మాత్రే గానీ లోపల మూడు మందులు, టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. ఒక్క మందైతే వైరస్ రూపం మార్చుకుని తప్పించుకుంటుంది, మూడిటినీ ఒకేసారి దాటడం దానికి చాలా కష్టం.

నాకు అసలు భయం నీ సిరప్ గురించి. అందులో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం డోల్యూటెగ్రావిర్ ని కడుపులోనే పట్టేసుకుంటాయి, మందు ఒంటికి సరిగ్గా అందదు. సిరప్ కి 2 గంటల ముందన్నా 6 గంటల తర్వాతన్నా మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ ఇదే లెక్క, కాకపోతే అవి అన్నంతో పాటు అయితే కలిపి వేసుకోవచ్చు. రాత్రే వేసుకోవాలని రూలేం లేదు, పాత ఎఫావిరెంజ్ మందుకి తల తిరిగేదని పడుకునే ముందు వేసుకోమనేవాళ్లు, ఆ అలవాటే ఇంకా నడుస్తోంది. నువ్వు హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వాళ్లకి ఒకమాట చెప్పి పొద్దునకి మార్చుకో, అందరూ డ్యూటీ హడావిడిలో ఉంటారు, ఎవరూ చూడరు కూడా.

సూరత్ లోనూ ఏఆర్‌టీ సెంటర్లో మందు ఫ్రీగానే ఇస్తారు, ఇక్కణ్నుంచి ట్రాన్స్‌ఫర్ రాయించుకో, దారి తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చెయ్యి. నీ జబ్బు సంగతి నీ ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం కూడా ఉంది.

పిల్లల విషయం చెప్తాను, మాత్ర తప్పకుండా వేసుకుంటూ వైరస్ కనపడకుండా నిలబడితే కలయిక వల్ల మీ ఆవిడకి అంటదు, మామూలుగానే పిల్లల్ని కనొచ్చు. కానీ ఆ టెస్టు సిరప్ మొదలెట్టక ముందుదో తర్వాతదో నువ్వు రాయలేదు. ముందుదైతే మళ్లీ ఒకసారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టే ఆ టెస్టే, చేయించుకో, అప్పటిదాకా కండోమ్ వాడండి, రిపోర్టు వచ్చాక ఇద్దరూ కలిసి కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి.