ఇటలీ టెంట్ కోసం ఇంటి ఎఫ్‌డీ బ్రేక్ చేయొద్దు

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. నాకు 35, మావారికి 38, పాపకు 8 ఏళ్లు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. చేతికొచ్చే జీతం ఆయనకు రూ.1.15 లక్షలు, నాకు రూ.48 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ రూ.46 వేలు. స్కూలు ఫీజు, ఇంటి ఖర్చులు, గుంటూరులో ఉన్న అత్తయ్యగారికి, మామయ్యగారికి పంపేది అన్నీ కలిపి ఇంకో రూ.64 వేలు. సిప్‌లు రూ.15 వేలు. ఎఫ్‌డీ రూ.2.10 లక్షలు ఉంది. వచ్చే ఆగస్టులో ఇటలీ వెళ్లాలనుకుంటున్నాం. గార్దా సరస్సు ఒడ్డున 8 రాత్రులు, డోలమైట్స్ కొండల్లో 7 రాత్రులు. హోటళ్లు లేవు, అంతా క్యాంపింగే కాబట్టి ఖర్చు తక్కువే. మొత్తం రూ.8 లక్షలు అవుతుందని లెక్క వేశాం. బ్యాంకు రూ.6 లక్షలు ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. 14 శాతం వడ్డీ, మూడేళ్లు. మిగతాదానికి ఎఫ్‌డీ బ్రేక్ చేస్తాం. ఈఎంఐ కట్టగలమన్న నమ్మకం ఉంది. లోన్ మంచిదా, బంగారం తాకట్టు పెట్టడం మేలా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రూ.6 లక్షల లోన్ కూడా కాదు. ‘మిగతాదానికి ఎఫ్‌డీ బ్రేక్ చేస్తాం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అది. ఆ రూ.2.10 లక్షలు మీ ఇంటికి ఉన్న ఒకే ఒక్క అత్యవసర నిధి. దాన్ని మీరు మిగులు డబ్బు అనుకుంటున్నారు. ఎండాకాలం ముందు నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇదే పొరపాటు. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ ఇంటి నెల ఖర్చు రూ.1.10 లక్షలు. ఇద్దరి జీతాలూ కలిపి రూ.1.63 లక్షలు. పైకి చూస్తే రూ.53 వేలు మిగులు, సిప్‌లు పోను రూ.38 వేలు. ఈ లోన్‌కు ఈఎంఐ దాదాపు రూ.20,500 పడుతుంది. కాబట్టి కట్టగలం అంటున్నారు. ఇద్దరి ఉద్యోగాలూ మూడేళ్లపాటు ఒక్క నెల కూడా ఆగకుండా నడిస్తే నిజంగానే కట్టగలరు. మరి మీ ఉద్యోగం ఆగిందనుకోండి. మీవారి రూ.1.15 లక్షలతో రూ.1.30 లక్షల ఖర్చు నెట్టుకు రావాలి. నెలకు రూ.15 వేలు లోటు, సిప్‌లు అప్పటికే ఆపేసి ఉంటారు. అదే ఆయన ఉద్యోగం పోతే? మీ రూ.48 వేల మీద ఇల్లు నడవాలి. నెలకు రూ.82 వేలకు పైగా తక్కువ పడుతుంది. చేతిలో ఎఫ్‌డీ ఉండదు. మొదటి నెలే క్రెడిట్ కార్డు బయటికి వస్తుంది. కార్డు బాకీ తిప్పుకుంటూ పోతే వడ్డీ ఏడాదికి 40 శాతం దాటిపోతుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసే ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేసుకోకపోతే ఎలా?

ఇంటి లోన్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్ల బాధ్యత ఉన్నవాళ్లకు కనీసం ఆరు నెలల ఖర్చు చేతికందేలా ఉండాలని నేను అడిగిన ప్రతివాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతుంటాను. మీకు అది రూ.6.60 లక్షలు. మీ దగ్గర ఉన్నది అందులో మూడో వంతు కూడా లేదు. ఉన్నదే సరిపోని స్థితిలో దాన్ని సున్నా చేసి, పైన మూడేళ్ల బాకీ నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కుతామంటున్నారు. ట్రిప్ అయ్యాక మళ్లీ కూడబెడతాం అని అందరూ అంటారు. ఈఎంఐ పోను మీకు మిగిలేది నెలకు రూ.17,500. రూ.6.60 లక్షలు పోగవడానికి మూడేళ్లకు పైనే పడుతుంది. అంతకాలం మామయ్యగారికి ఒంట్లో బాగుండాలి, కారు చెడిపోకూడదు, ఫ్రిజ్ ఆగిపోకూడదు.

ఇక క్యాంపింగ్ అంటే చవక అన్న మాట. అది ఎవరికి చవక? మ్యూనిక్ నుంచి సొంత కారుకు కారవాన్ తగిలించుకుని, బ్రెన్నర్ కనుమ దాటి కొన్ని గంటల్లో గార్దా చేరే కుటుంబానికి చవక. వాళ్ల టెంట్, పొయ్యి, మడత కుర్చీలు, సైకిళ్లు అన్నీ బండిలోనే ఉంటాయి. మీరు హైదరాబాద్ నుంచి ముగ్గురికి టికెట్లు కొనాలి. టెంట్, స్లీపింగ్ బ్యాగులు మోసుకెళ్తే లగేజీ బరువు. గ్యాస్ డబ్బాలను విమానంలో అసలు తీసుకెళ్లనివ్వరు. అక్కడ కొనుక్కోవాలి, లేదంటే అన్నీ అమర్చి ఉన్న మొబైల్ హోమ్ తీసుకోవాలి. ఆగస్టులో గార్దా ఒడ్డున లాజీజే, పెస్కియేరా వైపు మంచి క్యాంపుల్లో మొబైల్ హోమ్‌కు రాత్రికి 150 యూరోలు దాటడం మామూలే. ఆగస్టు 15 వాళ్లకు ఫెర్రాగోస్తో. ఇటలీ మొత్తం సెలవు పెట్టి సరస్సులకూ సముద్రానికీ కదిలే వారం అది. ఆ రోజుల్లో చాలా క్యాంపులు శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తానికి తప్ప బుకింగ్ ఇవ్వవు. సొంత టెంట్ వేసుకుంటే స్థలానికి ఒక రేటు, ఒక్కో మనిషికి ఒక రేటు, చాలాచోట్ల స్థానిక పర్యాటక పన్ను వేరే. ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేసేద్దామంటే కుదరదు. డోలమైట్స్‌లోని ప్రకృతి పార్కుల్లో అది నిషేధం, పట్టుకుంటే జరిమానా వేస్తారు.

చిన్నవిగా కనిపించే ఖర్చులే అక్కడ జేబును ఖాళీ చేస్తాయి. డోలమైట్స్‌లోని త్రె చిమె శిఖరాల కిందిదాకా కారులో వెళ్లే దారికి 2025 వేసవిలో కారుకు 40 యూరోలు, అదీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటేనే. బ్రాయెస్ సరస్సుకు ఆగస్టులో రిజర్వేషన్ లేకుండా పగటిపూట కారును రానివ్వరు. పాత ఊళ్ల మధ్యలో జెడ్‌టీఎల్ (బయటి కార్లకు అనుమతి లేని ప్రాంతం) అని రాసిన బోర్డు దాటి కారు పోనిస్తే కెమెరా ఫొటో తీస్తుంది. మీరు ఇంటికొచ్చాక కొన్ని నెలలకు జరిమానా, దానిమీద కారు అద్దె కంపెనీ సర్వీసు చార్జీ కార్డులో పడతాయి. కారు ఇచ్చేటప్పుడు డ్రైవరు పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డుపై వందల యూరోల డిపాజిట్ బ్లాక్ చేస్తారు. ఆ కార్డునే ఖర్చులకు నమ్ముకుని వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గరే చిక్కుల్లో పడతారు. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి.

ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట మేము త్రెంతీనోలో లెవికో సరస్సు ఒడ్డున టెంట్‌లో ఉన్నాం. మూడోరోజు సాయంత్రం నాలుగింటికల్లా కొండల వెనక నుంచి మబ్బు దిగింది. ఆల్ప్స్‌లో ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఉరుములతో వాన కొట్టడం మామూలు విషయమని మాకు తెలియదు. మేకులు సరిగ్గా దిగగొట్టలేదు. గాలికి ఒక మూల లేచిపోయింది, అడుగు గుడ్డ కిందికి నీళ్లు చేరి స్లీపింగ్ బ్యాగులు తడిసి ముద్దయ్యాయి. ఆ రాత్రి కారు సీట్లలో పడుకున్నాం. రెండు గంటలప్పుడు మా అబ్బాయి చెవి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాడు. ఒళ్లు కాలిపోతోంది. తెల్లారగానే క్యాంపు రిసెప్షన్ అమ్మాయి, వేసవిలో యాత్రికుల కోసం ఉండే డాక్టరు దగ్గరికి దారి చూపించింది. డాక్టరు ఫీజు, మందులు, తడి ఆరేదాకా రెండు రాత్రులు గది అద్దె, అన్నీ కలిపి 400 యూరోలకు దగ్గరగా అయింది. బీమా ఉంది. కానీ డాక్టరు ఖర్చు మా పాలసీలో డిడక్టబుల్, అంటే మేమే భరించాల్సిన వాటా, కిందకే సరిపోయింది, గది అద్దె దాని పరిధిలోనే లేదు. ఆ పూట మమ్మల్ని ఆదుకున్నది సేవింగ్స్ అకౌంటులో విడిగా ఉంచిన డబ్బే. అది అప్పు చేసి తెచ్చిన డబ్బయి ఉంటే, అప్పటికే లెక్కపెట్టుకుని ఖర్చు చేస్తూ ఉంటే, ఆ రాత్రి నాకు పిల్లాడి జ్వరంతో పాటు ఇంకో టెన్షన్ కూడా ఉండేది.

బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఏజెంటు ఎలాగూ ఒకటి అంటగడతాడు. అందరూ అన్నిటికంటే చవకైనది తీసుకుంటారు. వీసా వస్తుంది, సరే. కానీ మీరు వెళ్తున్నది కొండల్లోకి. పాలసీలో వెతికి రక్షించే ఖర్చు, అంటే సెర్చ్ అండ్ రెస్క్యూ, ఉందో లేదో చూడండి. హెలికాప్టర్ తరలింపు ఎంతవరకు ఇస్తారో చూడండి. ఇనుప తాడు పట్టుకుని రాతిగోడ ఎక్కే వియా ఫెర్రాటా దారుల్ని ‘సాహస క్రీడలు’ కింద మినహాయించారేమో చూడండి. 2025 జులై చివర్లో డోలమైట్స్‌లో ఒక బ్రిటిష్ యాత్రికుడు, రాళ్లు జారిపడుతున్నాయని మూసేసిన దారిలోకి హెచ్చరిక బోర్డులు దాటుకుని వెళ్లి చిక్కుకుపోయాడు. హెలికాప్టర్లతో దించారు. బిల్లు 14 వేల యూరోలు దాటింది. యూరోకు వంద రూపాయలు వేసుకున్నా రూ.14 లక్షలకు పైమాటే, మీ ట్రిప్ బడ్జెట్‌కు ఇంచుమించు రెట్టింపు. మూసేసిన దారి అని తెలిసీ వెళ్తే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి కారణం మీరే చేతికిచ్చినట్టు. పాపతో వెళ్తున్నారు, ఆ దారుల జోలికే పోకండి.

వీసా విషయంలో ఇంకోటి. కాన్సులేటు వాళ్లు మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు నెలల తరబడి చూస్తారు. జీతం తప్ప పెద్దగా నిల్వ లేని అకౌంట్లో ఒక్కసారిగా రూ.6 లక్షలు వచ్చి పడితే అది మీకు బలం కాదు, ప్రశ్నలకు దారి. పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోల వీసా ఫీజు. తిరస్కరిస్తే అది తిరిగి రాదు. రద్దు చేసుకోవడానికి వీల్లేని బుకింగ్‌లు వీసా చేతికి రాకముందు చేయకండి.

బంగారం తాకట్టు: వడ్డీ కొంచెం తగ్గుతుందేమో, అప్పు అప్పే. చిట్టీ పాడుకోవడం, పీఎఫ్ తీయడం, స్నేహితుల దగ్గర చేబదులు, వీటికీ అదే జవాబు. సిప్‌లు ఆపి వెళ్లే ఆలోచన కూడా వద్దు.

మరి ఇటలీ మానేయాలా? అక్కర్లేదు. నేనే వెళ్లొచ్చాను, పాపకు ఆ కొండలు చూపించాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది. తేదీ మార్చండి, పరిమాణం తగ్గించండి. 15 రాత్రులు 10 చేయండి. ఆగస్టు వదిలేసి మే చివరి వారం పెట్టుకోండి. పాపకు బడి ఉండదు, గార్దా క్యాంపులు ఏప్రిల్ నుంచే తెరిచి ఉంటాయి, రేట్లు ఆగస్టులో ఉన్నంత ఉండవు. ఒక్కటే జాగ్రత్త, పెంతెకొస్తు సెలవులకు దక్షిణ జర్మనీ వాళ్లు కుటుంబాలతో గార్దాకు దిగుతారు, ఆ రోజులు తప్పించి బుక్ చేయండి. నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. డోలమైట్స్‌లో ఎత్తయిన కనుమల్లో మంచు మిగిలి ఉండొచ్చు, కొండ మీది రిఫూజియోలు (యాత్రికుల బస ఇళ్లు) చాలావరకు జూన్ సగం దాటాకే తెరుస్తారు. అందుకని పై కొండలు ఈసారికి వదిలి లెవికో, కల్దోనాజ్జో వంటి కింది సరస్సుల దగ్గర నాలుగు రాత్రులు ఉండండి. మాల్చెజినే నుంచి మోంతే బాల్దో మీదికి తిరిగే కేబుల్ కారు ఎక్కితే సరస్సు, కొండలు రెండూ ఒకేసారి కనిపిస్తాయి, పాపకు అది చాలు. ఇలా ప్లాన్ చేస్తే రూ.5 లక్షల్లో ముగించే వీలుంది.

ఆ డబ్బు ఎక్కడిది అంటారా? మీ మిగులే. నెలకు రూ.38 వేలు. ముందు అత్యవసర నిధిలో తక్కువ పడిన రూ.4.50 లక్షలు. సరిగ్గా ఏడాదిలో నిండుతుంది. అది నిండేదాకా ట్రిప్‌కు ఒక్క రూపాయి తీయకండి, టికెట్ ఆఫర్ ఎంత బాగున్నా సరే. ఆ తరువాత ఇంకో 13 నెలలు వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రూ.5 లక్షలకు చేరువవుతారు. బోనస్‌లు ఏవైనా వస్తే ఆ మేరకు ముందే అవుతుంది. అప్పటికి పాపకు పదేళ్లు దాటతాయి, కొండదారిలో నాలుగడుగులు ఎక్కువే నడుస్తుంది. లోన్ తీసుకుని ఉంటే ఆ మూడేళ్లలో బ్యాంకుకు వడ్డీగానే రూ.1.38 లక్షలు కట్టేవాళ్లు. ముగ్గురి విమానం టికెట్లలో సగానికి పైగా అదే.

ఈ రెండు పనులు ఈ వారమే చేయండి. మీ ఎఫ్‌డీని రూ.50 వేల చొప్పున చిన్న ముక్కలుగా చేయించండి, అవసరం వస్తే మొత్తం బ్రేక్ చేయనక్కర్లేకుండా. మామయ్యగారి, అత్తయ్యగారి ఆరోగ్య బీమా మీవారి ఆఫీసు పాలసీ మీదే ఆధారపడి ఉందా, విడిగా ఏమైనా ఉందా? ఆయన ఉద్యోగం మారితే ఆ పాలసీ ఉంటుందో లేదో హెచ్‌ఆర్‌ను అడిగి, వాళ్ల వయసులు, బీపీ, షుగర్ వివరాలతో సహా నాకు మళ్లీ రాయండి.