వెదురు గొట్టాల ఆర్గన్ ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

ఫిలిప్పీన్స్‌లో ఒక చర్చిలో వెదురు గొట్టాల ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి, హార్మోనియంలా మెట్లు నొక్కి వాయించే పెద్ద వాద్యం) ఉందంటారు, నిజమేనా, ఉంటే పుచ్చిపోలేదా అని అడిగారు. నిజమే. మనీలా పక్కనున్న లాస్ పిన్యాస్‌లో, సెయింట్ జోసెఫ్ చర్చిలో ఉంది. మన తెలుగు పిల్లలు వైద్యవిద్యకు వెళ్లే ఊరే అది. మా అమ్మాయి అక్కడ చదువుతున్నప్పుడు చూశాను.

దాన్ని తయారు చేసింది ఆ చర్చి విచారణ గురువు, స్పెయిన్ దేశస్థుడు డియెగో సెరా. 1816లో మొదలుపెట్టి 1824లో ముగించారు. మొత్తం 1,031 గొట్టాల్లో 902 వెదురువి, మిగతా 129 లోహపువి. ఆ లోహం ఎందుకు కలిసిందన్నదే నాకు అసలైన ఆసక్తి. సన్నని చీలిక గుండా గాలి ఊదితే పలికే గొట్టాలకు వెదురు చక్కగా సరిపోతుంది. మన పిల్లనగ్రోవి అలా పలికేదే కదా. ఆర్గన్‌లో బాకాలా పలికే గొట్టం సంగతి వేరు. అందులో లోహపు రేకు అదిరితేనే నాదం పుడుతుంది. వెదురుతో ఆ గొంతు రాబట్టలేక ఫాదర్ సెరా లోహాన్నే ఆశ్రయించారు. ఎదురుగా నిలబడితే తేడా కంటికే తెలుస్తుంది: కణుపులతో సహా నిటారుగా వెదురు గొట్టాలు, జనం మీదికి గురిపెట్టినట్టు అడ్డంగా పొడుచుకొచ్చిన బాకాలు. పక్షుల కిలకిలలు పలికే మీట కూడా ఒకటుంది. చర్చిలో ఇదేమిటని నవ్వొచ్చింది గానీ, నాకు బాగా నచ్చింది అదే.

ఇక పుచ్చు సంగతి. నరికిన వెదురును దాదాపు ఏడాదిపాటు సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టారట. వెదురులోని పిండిపదార్థం ఉప్పునీటికి పోతే పురుగుకు తినడానికి ఏమీ మిగలదు. అయితే కేవలం ఆ ఉపాయంతోనే ఇప్పటిదాకా వచ్చిందనుకోకండి. భూకంపాలకు, తుపానులకు చర్చితోపాటు ఆర్గన్ కూడా దెబ్బతింది. చాలాకాలం సరిగా పలకనే లేదు. 1973లో జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న, ఆర్గన్లు తయారుచేసే క్లైస్ సంస్థకు పంపారు. ఐరోపా పొడిగాలికి వెదురు బీటలు వారకుండా, ఫిలిప్పీన్స్‌లో ఉండే వేడి, తేమ ఉన్న గదిని అక్కడ ఏర్పాటు చేసి మరమ్మతు చేశారు. 1975లో ఇంటికి చేరింది. ఆ మరుసటి ఏడాది నుంచి దాని పేరిట అంతర్జాతీయ సంగీతోత్సవం జరుగుతోంది.

మీరు వెళ్లేటట్టయితే ఆదివారం పూజ వేళకు వెళ్లండి. ఫోనులో వినే రికార్డింగుల్లో మంద్రస్థాయి స్వరాలు సగం కూడా వినబడవు.