యెరూషలేము బయలుదేరే ముందు

బాబూ,

ప్రభువు నామంలో వందనాలు. అమ్మను పరిశుద్ధ దేశం తీసుకెళ్తానని మొన్న ఫోన్లో నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు మనసు అక్కడే ఉంది. పాస్టరుగారి బృందంతో రెండుసార్లు వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

డబ్బు కట్టేముందు మన విదేశాంగ శాఖ ఏం చెబుతోందో చూడు. అక్కడి పరిస్థితులు ఎప్పుడెలా మారతాయో చెప్పలేం, ఏజెంటేమో ఎప్పుడూ బాగానే ఉందంటాడు. పది రోజుల్లో ఐగుప్తు (ఈజిప్టు), జోర్డాన్, ఇజ్రాయేలు మూడూ చూపిస్తామన్నా ఒప్పుకోకు. మొదటిసారి నేను అలాగే వెళ్ళి, అర్ధరాత్రి లేచి ఐగుప్తులోని సీనాయి కొండెక్కి, తర్వాత రెండు రోజులూ బస్సులో కునికిపాట్లు పడ్డాను. అది 2,285 మీటర్ల కొండ. అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా.

నన్నడిగితే గలిలయలో రెండు రాత్రులు ఉండేలా అడుగు. ఇదొక్కటీ గట్టిగా పట్టుబట్టు. గలిలయ సముద్రం అంటాం గానీ అది మంచినీళ్ళ సరస్సు, పొడవు 21 కిలోమీటర్లు, అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. సముద్రమట్టానికి 200 మీటర్ల పైచిలుకు దిగువన, చుట్టూ కొండల మధ్య ఉండటంతో ఉన్నట్టుండి గాలి లేస్తుంది. పడవ ఎక్కించి మన జెండా ఎగరేసి జనగణమన వేస్తారు, అదో సరదా. కానీ పొద్దున్నే బృందం ఇంకా లేవకముందే అమ్మను ఒడ్డుకు తీసుకెళ్ళి మత్తయి అయిదో అధ్యాయం, అదే యేసు కొండమీద చేసిన ప్రసంగం, చదివి వినిపించు. ఇంకెక్కడా నాకలా అనిపించలేదు. మిగతా చోట్ల గుడి కట్టారు, దీపాలు వేలాడదీశారు. ఇక్కడ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆ సరస్సు ఒడ్డునే ఉన్న కపెర్నహూములో యూదులు ప్రార్థనకు కూడే తెల్లరాతి సమాజమందిరం యేసు తర్వాత కొన్ని వందల ఏళ్ళకు కట్టింది. దాని గోడ అడుగున నల్లరాయి కనబడుతుంది, వంగి చూడండి. యేసు బోధించిన మందిరం పునాది అదేనని చాలామంది చెబుతారు.

బేత్లెహేము పాలస్తీనా వైపు ఉంది, పాస్‌పోర్టులు దగ్గరే ఉంచుకోండి. యేసు పుట్టిన చోటని కట్టిన గుడి గుమ్మం నాలుగడుగులే, తల వంచకుండా లోపలికి పోలేం. కింద గుహలో ఆయన పుట్టిన చోటుకు గుర్తుగా పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం ఉంటుంది. నేను రెండు గంటలు లైన్లో నిలబడితే దాని ముందు అర నిమిషం దొరికింది, వెనకవాళ్ళు తోసేస్తున్నారు. అమ్మకు ముందే చెప్పి ఉంచు, లేకపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

యెరూషలేములో యేసు సమాధి ఉన్న పెద్ద గుడికి తెల్లవారుజామునే వెళ్ళండి. ఆరు క్రైస్తవ శాఖలవాళ్ళు పంచుకున్న గుడి అది. వాళ్ళలో వాళ్ళకు పడక, తాళం చెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తీసే పని ఇంకో ముస్లిం కుటుంబం దగ్గర తరతరాలుగా ఉండిపోయాయి. గుమ్మం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన కనబడుతుంది. వాళ్ళలో వాళ్ళకు పడక అది పద్దెనిమిదో శతాబ్దం నుంచీ దాదాపు అక్కడే ఉండిపోయింది! మన సంఘంలో కమిటీ ఎన్నికలప్పుడల్లా నాకా నిచ్చెనే గుర్తొస్తుంది. ఆ గుడిలోనే, యేసును సిలువ వేసిన గొల్గొతా పైకి మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మ చెయ్యి వదలకు. పాత పట్నం గోడ బయట ఒక తోటలో ఇంకో సమాధి ఉంది, అదే అసలైనదని మనవాళ్ళు కొందరు వాదనకు దిగుతారు. ఆ గొడవలోకి పోకండి. తోటకు వెళ్ళి నీడలో ప్రభువు బల్ల తీసుకోండి, హాయిగా ఉంటుంది. యేసు పట్టుబడకముందు ప్రార్థించిన ఒలీవ తోట గెత్సేమనేలో, ఈ చెట్ల కిందే ఆయన ప్రార్థించాడని గైడు అంటే ఊరుకోండి గానీ, 2012లో పరీక్షిస్తే మూడు చెట్ల మానులు పన్నెండో శతాబ్దంవని తేలింది.

శుక్రవారం పొద్దుగూకితే శనివారం చీకటిపడేదాకా యూదుల విశ్రాంతి దినం, యూదుల కొట్లూ బస్సులూ దాదాపు ఉండవు. ఆ రోజు మీట నొక్కకూడదని హోటల్లో ఒక లిఫ్టు ప్రతి అంతస్తులోనూ తనంతట తానే ఆగుతూ పోతుంది. మేం పాడైందనుకుని ఆరు అంతస్తులు దిగాం.

యెరూషలేము పాత పట్నం వీధుల్లో రాళ్ళు నడిచి నడిచి అద్దంలా నున్నబడ్డాయి. అమ్మకు రబ్బరు చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు కొను. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుంటే ఏ గుడిలోనూ ఇబ్బంది లేదు.

నాకు యొర్దాను నది నీళ్ళు తెస్తానన్నావు కదా. సీసా మూతకు టేపు చుట్టి, లగేజీలో వేసే పెట్టెలో అమ్మ చీరల మధ్య పెట్టు. చేతిసంచిలో పెట్టుకుంటే, వచ్చేటప్పుడు నాకు చేసినట్టే విమానాశ్రయంలో తీయించి చెత్తడబ్బాలో పడేస్తారు.

మీ పెద్దమ్మ