బరువు ఎక్కువగా ఉంటే బిడ్డకు అవకరాలు వస్తాయా?

మీకు గర్భం ఐదో వారం నడుస్తోంది, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 32, లావుగా ఉన్నవాళ్లకు అవకరాలున్న పిల్లలు పుడతారని బంధువులు భయపెట్టారు, ఇప్పుడే డైటింగ్ చేసి బరువు తగ్గాలా అని అడిగారు. డైటింగ్ మాత్రం వద్దండి. ఈ వారంలోనే చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నేను కూడా ఇంచుమించు ఇదే బరువుతో గర్భవతినయ్యాను. మా పాపకు ఇప్పుడు నాలుగేళ్లు, చక్కగా ఉంది. కానీ నా ఒక్కదాని అనుభవం చూసి ధైర్యం తెచ్చుకోమనను. అంకెలు చూడండి.

స్వీడన్‌లో 2001 నుంచి 2014 వరకు పుట్టిన 12 లక్షలకు పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. మామూలు బరువున్న తల్లులకు పుట్టినవాళ్లలో పెద్ద అవకరాలు 3.4 శాతం మందికి ఉన్నాయి. బీఎంఐ 30 నుంచి 35 లోపు ఉన్న తల్లుల పిల్లల్లో 3.8 శాతం. 40 దాటితే 4.7 శాతం. అంటే మీలాంటివాళ్లు వెయ్యి మంది ఉంటే 38 మంది పిల్లలకు సమస్య వచ్చింది, మామూలు బరువున్న వెయ్యి మందిలోనూ 34 మందికి వచ్చింది. తేడా ఉన్నమాట నిజమే, మన బంధువులు చెప్పేంత మాత్రం కాదు.

బరువుకూ అవకరాలకూ మధ్య ఉన్న ముఖ్యమైన లంకె షుగర్. బిడ్డ గుండె, వెన్నెముక రూపుదిద్దుకునేది ఈ మొదటి వారాల్లోనే. ఆ సమయంలో తల్లి రక్తంలో షుగర్ బాగా ఎక్కువగా ఉంటే అవయవాలు సరిగా ఏర్పడకపోవచ్చు. మన దేశంలో చాలామందికి షుగర్ ఉన్న సంగతి గర్భం వచ్చాకే బయటపడుతుంది. ఐరోపావాళ్లతో పోలిస్తే మనకు తక్కువ బరువుకే షుగర్ వస్తుంది, అందుకే ఇక్కడి డాక్టర్లు బీఎంఐ 25 దాటగానే ఊబకాయం కింద లెక్కేస్తారు. కాబట్టి ఆరో నెలలో చేసే గ్లూకోజ్ పరీక్ష దాకా ఆగకండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఇప్పుడే చేయించమని అడగండి. మా డాక్టరమ్మ మొదటి రోజే రాశారు. 6.5 వస్తే షుగర్ ఉన్నట్టు లెక్క. నాకు ఆ లోపే వచ్చింది గానీ అంచున ఉంది, దాంతో ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకోమన్నారు. ఆవిడ తొందరపడ్డందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఫోలిక్ యాసిడ్ ఇంకా మొదలుపెట్టకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. వెన్నెముకగా, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది, అంటే నెలసరి లెక్కన ఆరో వారానికి. మీకు ఉన్న టైమ్ ఇదే. అది సరిగా మూసుకోవడానికే ఈ ఫోలిక్ యాసిడ్. నాళం మూసుకోకపోవడమనే ఈ ఒక్క లోపం బరువున్నవాళ్ల పిల్లల్లో సుమారు రెండింతలు కనిపిస్తుంది, అయినా అరుదే. గోంగూర, పాలకూర, పెసలు తినండి, మంచిదే. కానీ మాత్ర చేసే పని అవి చేయలేవు. డోసు డాక్టర్‌నే అడగండి.

స్కాన్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే చెబుతున్నాను. పొట్ట దగ్గర కొవ్వు ఉంటే బొమ్మ స్పష్టంగా రాదు. నా టిఫా స్కాన్‌లో (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) గుండె గదులు సరిగా కనిపించలేదని మళ్లీ రమ్మన్నారు. ఆ మధ్య రోజుల్లో నాకు తిండి సహించలేదు, నిద్ర లేదు. రెండోసారి అంతా బాగానే ఉందన్నారు. మళ్లీ రమ్మంటే బిడ్డకు ఏదో అయిందని అర్థం కాదండీ, సరిగా కనపడలేదని మాత్రమే. 18, 20 వారాల మధ్యే చేయించుకుంటే మళ్లీ చూడటానికి టైమ్ ఉంటుంది. అవసరమైతే బిడ్డ గుండెకు విడిగా ఎకో (గుండెను మాత్రమే చూసే స్కాన్) చేస్తారు.

తిండి మానేస్తే బిడ్డకూ మీకూ నష్టమే. ఇద్దరి తిండి తినమని అత్తమ్మలు కొసరి కొసరి వడ్డిస్తారు, అదీ అక్కర్లేదు. బీఎంఐ 30 దాటినవాళ్లు తొమ్మిది నెలల్లో 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలని అమెరికన్ మార్గదర్శకాలు 2009 నుంచీ చెబుతున్నాయి. నేను అన్నం తగ్గించి పప్పు, కూర, మజ్జిగ పెంచాను, రోజూ సాయంత్రం నడిచాను.

బీపీకో, ఫిట్స్‌కో, బరువు తగ్గడానికో ఏదైనా మందు వాడుతుంటే ఆ సంగతి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. కొన్ని మార్చాలి, కొన్ని హఠాత్తుగా ఆపితే ప్రమాదం, ఆ నిర్ణయం డాక్టర్‌దే. అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి.