మీరడిగారు: యజమాని సరేనన్నా సరిపోలేదు

ప్రశ్న: అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో బానిసని వదిలేయాలని యజమానే అనుకుంటే ఇంక అడ్డేముంది? ఒక కాగితం రాసిస్తే సరిపోయేది కదా, మళ్లీ కోర్టు, సాక్షులు ఎందుకు?
– ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని, విద్యానగర్, హైదరాబాద్

జవాబు: అడ్డు చట్టమేనమ్మా. చట్టం లెక్కలో బానిస ఆస్తి. ఆ ఆస్తి మీద అప్పులవాళ్లకి హక్కుంది, వారసులకి హక్కుంది, ప్రభుత్వానికీ ఒక మాటుంది. మాట లేనిది ఆ మనిషికి ఒక్కడికే.

అమెరికాలోని వర్జీనియా సంగతి చూడండి, మొదట్లో అది బ్రిటిష్‌వాళ్ల పాలనలోని ఒక కాలనీ, అంటే వలస రాజ్యం. 1691లో ఏమన్నారంటే, వదిలేస్తే వదిలేయండి గానీ ఆరు నెలల్లోపు మీ ఖర్చుతో వాళ్లని కాలనీ దాటించేయాలి అన్నారు. 1723లో ఇంకా బిగించారు. ఆ బానిస ఏదో గొప్ప మేలు చేశాడని గవర్నరు, ఆయన కౌన్సిల్ ఒప్పుకుంటే తప్ప విడుదల లేదు. అంటే దాదాపు అరవై ఏళ్లపాటు, యజమానికి మనసున్నా దారి లేదు! 1782లో గానీ ఆ దారి తెరుచుకోలేదు. వీలునామాలో రాయొచ్చు, లేదా సంతకం, సీలు వేసిన దస్తావేజు చేయొచ్చు, దాన్ని ఇద్దరు సాక్షులు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో రుజువు చేయాలి, లేదంటే యజమానే వచ్చి అవును నేనే రాశానని ఒప్పుకోవాలి. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసులో ప్లాటు కాగితాలు చేయించినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ ప్లాటు స్థానంలో ఉన్నది ప్రాణమున్న మనిషి.

అందులోనూ షరతులే. 45 ఏళ్లు దాటినవాళ్లని, చిన్నపిల్లలని వదిలేస్తే వాళ్ల పోషణ యజమానే చూసుకోవాలి. పైకి దయలా కనిపిస్తుంది కానీ అసలు భయం వేరే. జీవితమంతా పని చేయించుకుని ముసలితనంలో రోడ్డు మీదకి నెట్టేస్తే ఆ ఖర్చు కౌంటీ మీద పడుతుందని. న్యూయార్క్ అయితే 1712లోనే 200 పౌండ్ల పూచీకత్తు కట్టమంది. ఎంతమంది కట్టగలరు చెప్పండి?

జార్జి వాషింగ్టన్ అంతటివాడికే పూర్తిగా కుదరలేదు. 1799లో వీలునామా రాస్తూ, భార్య మార్తా పోయాక తన సొంత బానిసలు 123 మందికీ స్వేచ్ఛ అన్నాడు. మార్తా ఆగకుండా 1801 జనవరి 1నే వాళ్లని విడిపించింది. కానీ అదే ఎస్టేట్‌లో ఉన్న మరో 150 మందికి పైగా మార్తా మొదటి భర్త ఆస్తి కింద లెక్క, వాళ్లని వదిలే హక్కు ఈ భార్యాభర్తలిద్దరికీ లేదు. మొగుడు ఈ లెక్కలో, పెళ్లాం పిల్లలు ఆ లెక్కలో ఉన్న కుటుంబాలు ఉన్నాయక్కడ. ఒకే ఇంట్లో సగంమందికి స్వేచ్ఛ వచ్చి సగంమందికి రాకపోతే ఆ ఇల్లు ఏమైపోవాలి? నాకు ఈ చరిత్ర మొత్తంలో తట్టుకోలేనిది ఇదే.

కాగితం చేతికొచ్చాక కూడా టెన్షన్ తీరదు. 1793 నుంచి వర్జీనియాలో స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు క్లర్కు దగ్గర పేరు రాయించుకోవాలి. వయసు, రంగు, ఎత్తు, ఏ కోర్టులో ఎవరు విడిపించారు, అన్నీ రాస్తారు, తర్వాత్తర్వాత ఒంటి మీద మచ్చలు కూడా. ఆ నమోదు నకలు దగ్గర లేకపోతే పారిపోయిన బానిస అని జైల్లో వేయొచ్చు. 1806 చట్టం ఇంకా ఘోరం, కొత్తగా విడుదలైనవాళ్లు 12 నెలల్లో రాష్ట్రం వదిలి పోవాలి, లేకపోతే ఆ స్వేచ్ఛే పోతుంది. ఆలుబిడ్డలు బానిసలుగా అక్కడే ఉంటే, ఎక్కడికని పోతారు?

ప్రశ్న: కొందరు డబ్బు కట్టి తమని తామే కొనుక్కున్నారని చదివాను. బానిసకి డబ్బెక్కడిది? తీసుకున్నాక యజమాని మాట తప్పితే?
– ఒక పాఠకుడు, ఏసీ గార్డ్స్, హైదరాబాద్

జవాబు: వెంచర్ స్మిత్ అనే ఆయన తన కథని 1798లో తానే చెప్పి రాయించాడు, మీ రెండు ప్రశ్నలకీ అందులో జవాబుంది. చిన్నప్పుడే ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చారు. యజమాని పని అయ్యాక రాత్రిళ్లు చేపలు పట్టాడు, ఆలుగడ్డలు, క్యారెట్లు పండించాడు, చర్మాల కోసం మస్క్‌రాట్లని (నీటి ఎలుకల్లాంటి జంతువుల్ని) పట్టాడు. 1765లో, సుమారు 36 ఏళ్ల వయసులో, 71 పౌండ్ల 2 షిల్లింగులకి తనని తాను విడిపించుకున్నాడు. తర్వాత ఇద్దరు కొడుకుల్ని, 40 పౌండ్లకి భార్య మెగ్‌ని కొన్నాడు. అప్పటికామె గర్భిణి. తల్లి బానిసైతే బిడ్డా బానిసే కాబట్టి, ఆలస్యమైతే ఆ పుట్టబోయే బిడ్డకీ వేరే ధర కట్టాల్సొచ్చేది.

ఇక మాట తప్పడమంటారా, అది ఆయనకి ముందే జరిగింది. గతంలో ఒక యజమాని సోదరుడికి అప్పిచ్చి నోటు రాయించుకుంటే, ఆ యజమాని ఈయన పెట్టె పగలగొట్టి నోటు నాశనం చేసేశాడు. బానిస చేసుకున్న ఒప్పందానికి కోర్టులో సాధారణంగా విలువ ఉండేది కాదు. అందుకే తన స్వేచ్ఛ బేరం కుదిరినప్పుడు ఆ పత్రం తన పేరు మీద తీసుకోకుండా, నమ్మకమైన ఒక స్వతంత్రుడైన నల్లజాతి మనిషి చేతికి ఇప్పించాడు.